సెన్సెక్స్ లేచింది, లోకల్ రైలు ఇంకా కదలలేదు: 2020లో ఖరగ్‌పూర్ వ్యాపార వార్త ఎక్కడ దాక్కుంది?

ఖరగ్‌పూర్: 2020 మార్చి 23న బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి సూచీ సెన్సెక్స్ ఒక్కరోజులో 3,935 పాయింట్లు కోల్పోయి 25,981 వద్ద ముగిసింది. మరునాటి వ్యాపార పేజీలకు సహజంగానే అదే ప్రధాన వార్త. అంతకు ఒక్కరోజు ముందు, జనతా కర్ఫ్యూ నాడు, దేశమంతటా ప్రయాణికుల రైళ్లను నిలిపివేస్తున్నట్టు, సరుకు రవాణా రైళ్లు మాత్రం కొనసాగుతాయని రైల్వే శాఖ ప్రకటించింది. ఈ రెండో ప్రకటన ఆరోగ్య వార్తగానో, రవాణా వార్తగానో పాఠకులకు చేరింది. పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌కు మాత్రం ఆ ఏడాదిలో అంతకు మించిన వ్యాపార వార్త లేదు.

ఒకే సంఘటనను ఏ పేజీలో వేయాలి, ఎంత స్థలం ఇవ్వాలి, శీర్షికలో ఏ అంకె పెట్టాలి, పక్కన ఏ గ్రాఫు గీయాలి అన్న నిర్ణయాలనే పత్రికా పరిభాషలో వార్తా రూపకల్పన అంటారు. అది కేవలం అలంకరణకు సంబంధించిన విషయమని పాఠకులే కాదు, కొందరు పాత్రికేయులు కూడా భావిస్తారు. కల్లోల సంవత్సరంలో ఆ అభిప్రాయం ఎంత పొరపాటో తేలిపోతుంది. ఏ అంకె పెద్దగా కనిపిస్తే దాని ఆధారంగానే మనుషులు అప్పు తీసుకుంటారు, దుకాణం తెరుస్తారు, ఊరు విడిచి వెళ్తారు. ఖరగ్‌పూర్‌ను ఉదాహరణగా తీసుకుంటే ఈ సంగతి స్పష్టంగా అర్థమవుతుంది. ఆ పట్టణపు ఆర్థిక వ్యవస్థ దాదాపుగా రైల్వే కాలపట్టిక చుట్టూ అల్లుకుని ఉండడమే అందుకు కారణం.

రైలు పట్టాల మీద పుట్టిన బజారు

పంతొమ్మిదో శతాబ్దం చివర బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షన్‌ను, ఆపై పెద్ద వర్క్‌షాపును నెలకొల్పడంతో ఖరగ్‌పూర్ పట్టణంగా రూపుదిద్దుకుంది. తెలుగువారు ఇక్కడికి ఎందుకు చేరారన్న ప్రశ్నకు సమాధానం కూడా రైలు మార్గపు చరిత్రలోనే ఉంది. 1890లలో నిర్మించిన ఈస్ట్ కోస్ట్ రైలు మార్గంలో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం 1902లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో కలిసింది. ఆ విధంగా వాల్తేరు, విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాలూ ఖరగ్‌పూర్ వర్క్‌షాపూ ఒకే కంపెనీ పరిధిలోకి వచ్చాయి. పనికోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవారు తరతరాలుగా ఇక్కడే స్థిరపడ్డారు. అనేక భాషలవారు కలిసి నివసించే ఈ పట్టణాన్ని స్థానికులు మినీ ఇండియా అని పిలుచుకుంటారు.

ఈ పట్టణంలో జీతం, ఉపాధి వార్తలకు దీర్ఘ చరిత్ర ఉంది. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపు కార్మికుల సమ్మె, దరిమిలా లాకౌట్ దేశ కార్మికోద్యమంలో ముఖ్య ఘట్టాలు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మిక సంఘానికి నాయకత్వం వహించిన వరాహగిరి వెంకటగిరి తదనంతర కాలంలో, 1969లో, రాష్ట్రపతి అయ్యారు. ఆ సమ్మె వార్తలను నాటి పత్రికలు రాజకీయ వార్తలుగా పరిగణించడంలో ఆశ్చర్యం లేదు. అయితే అది బజారుకు సంబంధించిన వార్త కూడా. వర్క్‌షాపు గేటు మూతపడితే గోల్‌బజార్‌లో అరువు ఖాతాలు పెరుగుతాయి.

ఖరగ్‌పూర్ స్టేషన్‌లోని 1,072.5 మీటర్ల ప్లాట్‌ఫామ్ ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరు పొందింది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దానిని దాటిపోయాయి. సాధారణ జ్ఞాన పుస్తకాల్లో పట్టణం పేరు నిలిచిపోయింది ఈ కొలత వల్లనే. అంత పొడవునా జీవనాధారం వెతుక్కునే మనుషుల గురించి ఆ పుస్తకాలు చెప్పవు. లైసెన్సు పొందిన కూలీలు, టీ, అల్పాహారం అమ్మేవారు, స్టేషన్ బయట ఆటో, టోటో నడిపేవారు, లాడ్జీల యజమానులు, హౌరా వైపు లోకల్ రైళ్లలో సరుకు తెచ్చుకునే చిల్లర వర్తకులు వీరిలో ఉన్నారు. మరోవైపు దేశంలో తొలి ఐఐటీ 1951లో ఏర్పడింది ఇక్కడే. 2020 మార్చిలో విద్యార్థులను ఇళ్లకు పంపించివేయడంతో ఆ ప్రాంగణాన్ని నమ్ముకున్న దుకాణాలకు మరో దెబ్బ తగిలింది.

జాతీయ వ్యాపార పేజీలో ఖరగ్‌పూర్ పేరు అసలు కనిపించదని కాదు. 2020లో ఇక్కడ టాటా మెటాలిక్స్, టాటా హిటాచీ కర్మాగారాలు ఉండేవి. స్టాక్ మార్కెట్‌లో నమోదైన కంపెనీ ప్రతి మూడు నెలలకూ ఫలితాలు ప్రకటిస్తుంది కాబట్టి ఆ అంకెలు వార్తగా వస్తాయి. గోల్‌బజార్ ఫలితాలు ప్రకటించదు. వ్యాపార విలేకరి దృష్టి లెక్క దొరికే చోటికే వెళ్లడం ఆ వృత్తిలో అనాదిగా ఉన్న బలహీనత. 2020లో దాని మూల్యం మరింత ఎక్కువైంది.

దుకాణం మూతపడితే పేజీ కూడా మూతపడుతుంది

స్థానిక వ్యాపార వార్త కల్లోల సమయంలో ఎందుకు మాయమవుతుందో తెలుసుకోవాలంటే దానికయ్యే ఖర్చును ఎవరు భరిస్తారో ముందు చూడాలి. ఈ విషయంలో తెలుగు పత్రికల చరిత్ర దేశానికే ఒక పాఠం. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ప్రారంభమైన ఈనాడు 1989లో జిల్లాల వారీగా టాబ్లాయిడ్ అనుబంధాలు తీసుకువచ్చింది. ఆస్ట్రేలియా పరిశోధకుడు రాబిన్ జెఫ్రీ భారతీయ భాషా పత్రికల విస్తరణపై చేసిన అధ్యయనంలో ఈ ప్రయోగానికి ప్రత్యేక స్థానం ఇచ్చారు. దాని వెనుక ఉన్న ఆర్థిక సూత్రం సరళమైనది. రాష్ట్రమంతటా చేరే ప్రకటన ఖరీదు ఒక చిన్న పట్టణంలోని బట్టల దుకాణానికి అందుబాటులో ఉండదు. ఒక్క జిల్లాకే పరిమితమైన పేజీలో ప్రకటన అదే దుకాణం భరించగలదు. ఆ సొమ్ముతో జిల్లా పేజీ నిలబడుతుంది. పేజీ ఉంది కాబట్టి మండల స్థాయిలో విలేకరి ఉంటాడు, విలేకరి ఉన్నాడు కాబట్టి ఆ బజారు సంగతులు అచ్చవుతాయి.

ఈ ఏర్పాటులో ఒక లోపం ఉంది. మంచి రోజుల్లో అది బయటపడదు. స్థానిక వ్యాపార వార్తకు డబ్బు సమకూర్చేది, ఆ వార్తకు విషయమయ్యేది ఒకే దుకాణం. లాక్‌డౌన్‌తో దుకాణం మూతపడగానే ప్రకటన ఆగిపోయింది. ప్రకటన ఆగిపోగానే పేజీ తగ్గింది. పేజీ తగ్గడంతో ఆ దుకాణం మూతపడిందన్న వార్తకు చోటు లేకుండా పోయింది. వార్త అత్యవసరమైన వారంలోనే దాన్ని అచ్చువేసే శక్తి పత్రికకు తగ్గిపోతుందన్నమాట. వైద్యుడికి, రోగికి ఒకే రోజు జ్వరం వచ్చినట్టు.

2020 మార్చి చివరి నుంచి ప్రధాన తెలుగు దినపత్రికలు జిల్లా అనుబంధాలను కుదించి, ప్రధాన సంచికలోనే కొన్ని పేజీలుగా కలిపివేశాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లోనే పత్రికా రంగం 4,000 నుంచి 4,500 కోట్ల రూపాయల దాకా నష్టపోయిందని, పరిస్థితి ఇలాగే సాగితే ఆరేడు నెలల్లో నష్టం 15,000 కోట్ల దాకా చేరవచ్చని ఇండియన్ న్యూస్‌పేపర్ సొసైటీ కేంద్రానికి రాసిన లేఖలో పేర్కొంది. దిగుమతి న్యూస్‌ప్రింట్‌పై ఉన్న 5 శాతం సుంకాన్ని తొలగించాలని కోరింది. పత్రికల కట్టలను మోసే రైళ్లు ఆగిపోవడం, కాగితం ద్వారా వైరస్ వ్యాపిస్తుందన్న భయం దీనికి తోడయ్యాయి. ఆ ఏడాది ఏప్రిల్‌లో మహారాష్ట్ర ప్రభుత్వం ఇంటింటికీ పత్రికల పంపిణీపై నిషేధం విధించే దాకా వ్యవహారం వెళ్లింది.

పేజీలు తగ్గినప్పుడు సంపాదకవర్గం ముందు దేన్ని తొలగిస్తుంది? ఏజెన్సీల నుంచి సిద్ధంగా అందే జాతీయ, అంతర్జాతీయ వార్తకు అదనపు ఖర్చు లేదు. పట్టణంలో పదిమందిని కలిసి లెక్కలు సేకరించే వార్తకు మనిషి కావాలి, సమయం కావాలి. అందుకే ముడిచమురు ధర, సెన్సెక్స్, బంగారం రేటు పేజీలో మిగులుతాయి, కూరగాయల మార్కెట్ ఎత్తిపోతుంది. వార్తా సంస్థలో పనిచేసేవారు ఈ మాట ఒప్పుకోవడం కొంత ఇబ్బందికరమే గానీ, మనం పంపే వార్తలే స్థానిక వార్తల చోటును ఆక్రమించడం కూడా ఆ ఏడాది జరిగింది.

ఏ గీత ఎంత ఎత్తు లేవాలి

గ్రాఫుకు ఎంత శక్తి ఉందో 2020 మార్చి 27 నాటి న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీ చూపించింది. అమెరికాలో ఒక్క వారంలో సుమారు 32.8 లక్షల మంది నిరుద్యోగ భృతికి దరఖాస్తు చేసుకున్నారు. అంతకుముందు దశాబ్దాల లెక్కలన్నీ పేజీ అడుగున చిన్న చిన్న గీతలుగా ఉండగా, ఆ ఒక్క వారం తాలూకు గీత మాత్రం కుడి అంచు వెంబడి నిటారుగా పేజీ పైభాగం దాకా లేచింది. అక్కడ స్కేలు మార్చకుండా ఉంచడమే రూపకర్తలు చేసిన పని. పాత లెక్కకూ కొత్త లెక్కకూ ఒకే కొలబద్ద వాడారు. చదవకముందే పాఠకుడికి విషయం అర్థమైంది.

అటువంటి గ్రాఫును ఖరగ్‌పూర్‌కు గీయడం సాధ్యమేనా? నేరుగా కాదు. అమెరికాలో మాదిరిగా వారం వారం వెలువడే నిరుద్యోగ భృతి దరఖాస్తుల లెక్క మన దేశంలో లేదు. ప్లాట్‌ఫామ్ మీద టీ అమ్మే మనిషి పని పోయిన సంగతి ఏ రిజిస్టరులోనూ నమోదు కాదు. అయితే రైల్వే పట్టణంలో అందుకు దగ్గరగా వచ్చే లెక్క ఒకటి ఉంది. రోజుకు ఎన్ని ప్రయాణికుల రైళ్లు ఆగుతున్నాయన్నదే ఆ లెక్క. మార్చి 22 తర్వాత ఆ గీత సున్నాకు పడిపోయింది. మే నెలలో శ్రామిక్ రైళ్లు, మే 12 నుంచి ఢిల్లీ కేంద్రంగా 15 జతల ప్రత్యేక రైళ్లు, జూన్ 1 నుంచి దేశమంతటా 200 రైళ్లు నడిచినా, పట్టణపు చిల్లర వ్యాపారానికి ఊపిరైన లోకల్ రైళ్లు మాత్రం ఆగిపోయే ఉన్నాయి. మే 20న దక్షిణ బెంగాల్‌ను అంపన్ తుపాను దెబ్బతీసింది. దుర్గాపూజ అక్టోబరు చివరి వారంలో వచ్చి వెళ్లింది. బెంగాల్‌లో బట్టల వ్యాపారికి ఏడాది మొత్తంలో ప్రాణప్రదమైన ఆ పూజల సీజను లోకల్ రైలు లేకుండానే గడిచిపోయింది. హౌరా, సియాల్దా, ఖరగ్‌పూర్ డివిజన్లలో లోకల్ రైళ్లు తిరిగి కదిలింది నవంబరు 11న.

ఇప్పుడు ఆ తేదీ పక్కన సెన్సెక్స్ గీతను ఉంచి చూడాలి. మార్చిలో 25,981కి పడిపోయిన సూచీ నవంబరు 9న 42,597 వద్ద ముగిసి అప్పటివరకూ ఉన్న రికార్డును అధిగమించింది. డిసెంబరు 31 నాటికి 47,751కి చేరింది. అంటే లోకల్ రైలు ప్లాట్‌ఫామ్ మీదికి రావడానికి రెండు రోజుల ముందే సూచీ తన గాయాన్ని పూర్తిగా మాన్పుకుంది. ఈ రెండు గీతల్లో ఏదీ అబద్ధం కాదు. ఒక గీత రోజూ వ్యాపార పేజీ పైభాగాన కనిపించింది. మరొకటి గ్రాఫుగా కాక, అప్పుడప్పుడు రైల్వే ప్రకటనల రూపంలో వచ్చింది. తేడా అంతా అక్కడే ఉంది.

శాతాల విషయంలో మరో చిక్కు ఉంది. 2020 ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో దేశ స్థూల ఉత్పత్తి అంతకుముందు ఏడాది అదే కాలంతో పోలిస్తే 23.9 శాతం తగ్గిందని తొలి అంచనా వెలువడింది. తరువాత దాన్ని 24.4 శాతంగా సవరించారు. మరుసటి ఏడాది అదే త్రైమాసికంలో వృద్ధి 20.1 శాతమని ప్రకటించినప్పుడు అది రికార్డు వృద్ధిగా శీర్షికలకెక్కింది. 24 పడి 20 లేస్తే లోటు 4 మాత్రమే కదా అనిపించడం సహజం. లెక్క వేరు. 100 రూపాయల వ్యాపారం 24.4 శాతం పడితే 75.60 మిగులుతుంది. దాని మీద 20.1 శాతం పెరిగితే సుమారు 90.80 అవుతుంది. అంటే రెండేళ్ల కిందటి స్థాయికి ఇంకా 9 రూపాయలకు పైగా తక్కువ. శీర్షికలో శాతం మాత్రమే వేసి, పక్కన 100, 75.60, 90.80 అనే మూడు అంకెల చిన్న బాక్సు వేయకపోతే పాఠకుడు తప్పుదారి పట్టినట్టే. ఆ బాక్సుకు పట్టే స్థలం రెండు అంగుళాలకు మించదు.

ఒకే రైల్వే, రెండు లెక్కలు

రైల్వే పట్టణానికి ఇంకా దగ్గరి ఉదాహరణ సరుకు రవాణా. 2020-21లో భారతీయ రైల్వే 1,232.63 మిలియన్ టన్నుల సరుకును లోడు చేసింది. అంతకుముందు ఏడాది ఇది 1,209.32 మిలియన్ టన్నులు. మహమ్మారి సంవత్సరంలో కూడా లోడింగ్ పెరగడం నిస్సందేహంగా వార్తే. ఖరగ్‌పూర్ డివిజను భాగమైన ఆగ్నేయ రైల్వేకు ఇనుప ఖనిజం, బొగ్గు, ఉక్కు రవాణాయే ప్రధాన ఆదాయం. రైల్వే సంస్థ కోణంలో చూస్తే శుభవార్త.

అదే ఏడాది రైల్వేకు ప్రయాణికుల నుంచి వచ్చిన ఆదాయం సుమారు 50 వేల కోట్ల రూపాయల నుంచి సుమారు 15 వేల కోట్లకు పడిపోయింది. గూడ్సు రైలు స్టేషన్‌లో ఆగినా అందులోంచి దిగి టీ తాగేవారుండరు, సామాను మోయించుకునేవారుండరు, ఆటో ఎక్కేవారుండరు. రైల్వే ఉద్యోగి జీతానికి మొదటి లెక్క ఆధారం, ప్లాట్‌ఫామ్ కూలీ కడుపుకు రెండో లెక్క ఆధారం. ఒకే వీధిలో ఉండే రెండు కుటుంబాల్లో ఒకదానికి ఆ ఏడాది జీతం అందుతూనే ఉంది, మరొకదానికి సంపాదనే లేదు. రికార్డు లోడింగ్ అన్న శీర్షిక ఒక్కటే అచ్చయితే రెండో కుటుంబం వార్తలోంచి జారిపోతుంది. రెండు అంకెలనూ ఒకే పట్టికలో పక్కపక్కన వేయడం పెద్ద పరిశోధనేమీ కాదు. రెండూ రైల్వే ప్రకటించిన లెక్కలే.

విరామం అన్న మాట, వడ్డీ అన్న నిజం

ఆ ఏడాది స్థానిక పాఠకుడికి నేరుగా డబ్బు నష్టం కలిగించిన శీర్షిక ఏదంటే, బహుశా రుణ వాయిదాలకు సంబంధించినదే. మార్చి 27న రిజర్వు బ్యాంకు మూడు నెలల మారటోరియం ప్రకటించింది. మే 22న దాన్ని ఆగస్టు 31 దాకా పొడిగించింది. వాయిదాలు కట్టనవసరం లేదన్న మాట పెద్ద అక్షరాల్లో కనిపించింది. వాయిదా కట్టని కాలానికి వడ్డీ మాత్రం పడుతూనే ఉంటుందన్న సంగతి చాలామందికి తరువాత గానీ తెలియలేదు.

ఉదాహరణకు ఒక ఆటో యజమాని లక్ష రూపాయల బాకీ మీద ఏటా 12 శాతం వడ్డీ కడుతున్నాడనుకుందాం. ఆరు నెలలు వాయిదాలు ఆపితే సాధారణ వడ్డీ 6,000 రూపాయలు. ఆ వడ్డీ నెల నెలా అసలుకు కలిసి దానిపైనా వడ్డీ పడితే 6,152 రూపాయలు. వడ్డీపై వడ్డీ వసూలును ప్రశ్నిస్తూ వ్యాజ్యం సుప్రీంకోర్టుకు వెళ్లింది. అక్టోబరు 23న కేంద్రం రెండు కోట్ల రూపాయల లోపు రుణాలకు ఆ తేడాను తానే భరిస్తామని ప్రకటించింది. పత్రికలు దాన్ని వడ్డీ మాఫీ అని క్లుప్తంగా రాశాయి. మన ఆటో యజమానికి నిజంగా దక్కింది 152 రూపాయలు. 6,000 అతని నెత్తిమీదే ఉన్నాయి. 2021 మార్చి 23న సుప్రీంకోర్టు తీర్పు ఆ వెసులుబాటును రెండు కోట్ల పరిమితి దాటిన రుణాలకూ వర్తింపజేసింది తప్ప అసలు వడ్డీని రద్దు చేయలేదు.

శీర్షికలో మాఫీ అన్న రెండక్షరాలు ఇమిడిపోతాయి, వడ్డీపై వడ్డీలో తేడా చెల్లింపు అన్నది ఇమడదు. కాలమ్ వెడల్పే అర్థాన్ని నిర్ణయించిన సందర్భమిది. తెలుగులో దీనికి మరో చిక్కు తోడవుతుంది. మారటోరియం అన్న మాటను చాలా చోట్ల యథాతథంగా వాడాం. విరామం అని కొందరు, వాయిదా అని మరికొందరు అనువదించారు. బ్యాంకు పరిభాషలో వాయిదా అంటే నెలవారీ కిస్తీ కూడా కాబట్టి వాయిదాల వాయిదా వంటి వింత ప్రయోగాలు పుట్టుకొచ్చాయి. కట్టడం ఆపవచ్చు, వడ్డీ ఆగదు అని నాలుగు మాటల్లో రాస్తే సరిపోయేది.

పత్రిక దొరకని రోజుల్లో పాఠకులు ఫోన్‌లకు మళ్లారు. ఇ-పేపరు పేజీలు వాట్సాప్ గ్రూపుల్లో చేతులు మారాయి. అచ్చు పేజీలో అక్షరాల పరిమాణం, వార్త స్థానం చూడగానే ఏది ముఖ్యమో తెలుస్తుంది. ఫోన్ తెరపై సినిమా తార ఫొటో, రుణ వాయిదాల గడువు, రైలు రద్దు ప్రకటన ఒకే ఎత్తున వరుసగా జారిపోతాయి. పైగా తేదీ లేకుండా తిరిగే పేజీ ముక్క ఏ నెలదో తెలియదు. మార్చిలో వెలువడిన మూడు నెలల ప్రకటన ఆగస్టులో కనిపించినా కొత్తదానిలాగే ఉంటుంది. తేదీని శీర్షిక పక్కనే, పెద్ద అక్షరాల్లో వేయడం ఆ ఏడాది నేర్చుకోవలసిన చిన్న పని. ఇప్పటికీ చాలా చోట్ల అది జరగడం లేదు.

ఏ రాష్ట్రపు పాఠకుడు?

ఖరగ్‌పూర్ తెలుగు పాఠకుడికి ఇంకొక ఇబ్బంది ఉంది. విశాఖపట్నం అక్కడికి రైలులో సుమారు 760 కిలోమీటర్ల దూరం. తెలుగు పత్రికల జిల్లా పేజీలు శ్రీకాకుళం దగ్గర ఆగిపోతాయి. బంధువుల ఊరి వార్త అతనికి తెలుగులో దొరుకుతుంది, తానుండే పట్టణంలో ఏ దుకాణం ఎన్ని గంటలకు తెరవాలన్న ఉత్తర్వు దొరకదు. అది బెంగాలీలో, ఇంగ్లీషులో ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ ప్రకటించిన సడలింపును వాట్సాప్‌లో చూసి అది తమకూ వర్తిస్తుందనుకోవడానికి ఆస్కారం ఎంతైనా ఉంది.

ఈ నేపథ్యంలో 2020 డిసెంబరు 22న పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా కల్పించాలని నిర్ణయించింది. ఖరగ్‌పూర్ తెలుగువారి చిరకాల డిమాండు అది. అసెంబ్లీ ఎన్నికలు కొద్ది నెలల దూరంలో ఉండడంతో వార్తను రాజకీయ కోణంలోనే చూడడం జరిగింది. అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు హర్షం వ్యక్తం చేయడంతో తెలుగు పత్రికల్లో అది భాషాభిమాన వార్తగానూ వచ్చింది. రెండు కోణాలూ సముచితమే. మూడో కోణం వ్యాపారానిది. ట్రేడ్ లైసెన్సు దరఖాస్తు, మున్సిపాలిటీ నోటీసు, రుణ పథకం నిబంధనలు చదవగలిగిన భాషలో వస్తే చిన్న వర్తకుడికి మధ్యవర్తి ఖర్చు తగ్గుతుంది. హోదా కాగితాల మీదికి ఏ మేరకు దిగిందన్నది మున్సిపాలిటీ కౌంటరు దగ్గర పరిశీలించవలసిన వార్త. అది కోల్‌కతాలోనో హైదరాబాద్‌లోనో కూర్చుని రాసేది కాదు.

గోల్‌బజార్‌కు రాని డబ్బు

ఖరగ్‌పూర్‌కు సంబంధించి ఆ ఏడాది అతి పెద్ద స్థానిక వ్యాపార వార్త రైళ్ల నిలిపివేత అయితే, రెండోది ఏప్రిల్ 23న వచ్చింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, పెన్షనర్ల కరువు భత్యాన్ని 17 శాతం వద్దే స్తంభింపజేస్తూ, 2020 జనవరి నుంచి 2021 జూన్ దాకా రావలసిన మూడు పెంపులను నిలిపివేస్తున్నట్టు ఆర్థిక శాఖ ప్రకటించింది. ఇది జాతీయ పేజీల్లో ఉద్యోగుల వార్త. రైల్వే ఉద్యోగులు, విశ్రాంత ఉద్యోగులు వేల సంఖ్యలో నివసించే పట్టణంలో ఇది కిరాణా వ్యాపారి వార్త.

మూల వేతనం 30,000 రూపాయలున్న ఒక ఉద్యోగి లెక్క చూద్దాం. మొదటి ఆరు నెలలకు 4 శాతం చొప్పున నెలకు 1,200, అంటే 7,200 రూపాయలు. తరువాతి ఆరు నెలలకు 7 శాతం చొప్పున నెలకు 2,100, అంటే 12,600. చివరి ఆరు నెలలకు 11 శాతం చొప్పున నెలకు 3,300, అంటే 19,800. మొత్తం 39,600 రూపాయలు ఒక్క ఇంటికి రాలేదు. మరోవైపు అక్టోబరు 21న 78 రోజుల ఉత్పాదకత బోనసును కేంద్రం ఆమోదించింది. సుమారు 11.58 లక్షల మంది నాన్ గెజిటెడ్ రైల్వే ఉద్యోగులకు వర్తించిన ఈ బోనసు గరిష్ఠంగా 17,951 రూపాయలు. పూజల ముందు వచ్చిన ఈ వార్తకు పతాక శీర్షికలు దక్కాయి. వచ్చిన 17,951, రాని 39,600 ఒకే పట్టికలో పక్కపక్కన ఉంటే బజారులో సరుకు ఎంత తెప్పించాలో నిర్ణయించుకునే వర్తకుడికి ఉపయోగపడేది. రాని డబ్బుకు తేదీ ఉండదు, ప్రారంభోత్సవం ఉండదు, ఫొటో ఉండదు. అందుకే దాన్ని పేజీలో చూపడం కష్టం. రూపకల్పన తెలిసినవారి అవసరం అక్కడే ఎక్కువ.

2021 జూలై 14న కేంద్ర మంత్రివర్గం కరువు భత్యాన్ని 17 నుంచి 28 శాతానికి పెంచింది. 11 శాతం పెంపు అన్న శీర్షిక మళ్లీ పెద్ద అక్షరాల్లో వచ్చింది. కొత్త రేటు జూలై 1 నుంచి మాత్రమే వర్తిస్తుందని, గడిచిన 18 నెలలకు బకాయిలుండవని ఉత్తర్వు చెప్పింది. ఆ 18 నెలల నిలుపుదల వల్ల 34,402 కోట్ల రూపాయలకు పైగా ఆదా అయినట్టు ప్రభుత్వం 2023 మార్చిలో లోక్‌సభకు తెలిపింది. ఢిల్లీ పేజీలో అది ఆదా. ఖరగ్‌పూర్ పేజీ అంటూ ఒకటి ఉంటే, అదే అంకె గోల్‌బజార్ అమ్మకాల ఖాతాలో లోటు వైపు నమోదయ్యేది.